ఆగేవాళ్లుంటేనే బజారు

మొన్న శ్రావణమాసంలో ఒక పొద్దున మా తమ్ముడు ఫోన్ చేశాడు. నేనప్పుడు పొయ్యి ముందు నిలబడి పాలగిన్నెకు కాపలా కాస్తున్నాను. పాలు పొంగే వేళకు వచ్చే ఫోను ఎప్పుడూ మామూలు ఫోను కాదని నా అనుభవం.

“అక్కా, మన మడిగె కిరాయికి అడుగుతున్నరు. సెల్‌ఫోన్ దుకాణమోళ్లు. అడ్వాన్సు గూడ మంచిగనే ఇస్తమంటున్నరు. ఇంకా బాపు పేరు మీదనే ఉన్నది గదా, నువ్వు గూడ ఒక సంతకం పెట్టాలె” అన్నాడు.

“మరి మన దుకాణమో?” అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లిగా “గిరాకి ఏదక్కా?” అన్నాడు. ఈలోగా పాలు పొంగి పొయ్యంతా పారాయి.

మావారు పేపరు మడిచి పక్కన పెట్టి, ఏమిటట అన్నారు. చెప్పాను. “సంతకమే కదా, పెట్టెయ్. నలుగురూ అడిగితే పుస్తకాల మీద పెట్టడం లేదూ?” అన్నారు. మావారు లెక్కల లెక్చరర్. రెండు రెళ్లు నాలుగని తేలిపోయాక ఇక మాట్లాడుకునేదేముంటుందని వారి అభిప్రాయం.

నాకు మాత్రం ఆ రోజు ఏ పనీ సాగలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. నవలల్లో కోట్ల ఆస్తుల తగాదాలను అరపేజీలో తేల్చిపారేసినదాన్ని, పదిహేనడుగుల మడిగె దగ్గరకొచ్చేసరికి కలం కదలలేదు.

మాది హసన్‌పర్తి. హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే రోడ్డు మీద పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మా ఊరికి చెరువు ఉంది. చిన్నప్పుడు నాకదే సముద్రం. వానాకాలంలో నిండుగా ఉన్న చెరువు మీద గాలి లేస్తే, కట్ట మీద నిలబడి అలలు లెక్కపెట్టేదాన్ని. నవ్వకండి, అసలు సముద్రాన్ని కళ్లతో చూడకముందే మూడు నవలల్లో నా హీరోయిన్లను సముద్రపు ఒడ్డున నడిపించాను. ఆ అలలన్నీ మా చెరువు అలలే. ఏ పాఠకురాలూ పట్టుకోలేదు. పైగా ఒకామె “మీది విశాఖపట్నమాండీ?” అని ఉత్తరం కూడా రాసింది.

చెరువు సంగతి అలా ఉంచి బజారు సంగతి చెప్తాను. 1980ల చివర, నేను జడలు వేసుకుని బడికి పోయే రోజుల్లో, మా బజారు ఎంత పొడవంటే ఒక కొసన నిలబడి గట్టిగా పిలిస్తే ఇంకో కొసన పలికేవారు. కిరాణా దుకాణాలు, ఎరువుల దుకాణం, మందుల దుకాణం, అవుసులాయన కొలిమి, అరుగు మీద రెండు కుట్టుమిషన్లు, సాయంత్రానికి మిర్చిబజ్జీల బండి. వీటి మధ్య మా బాపు బట్టల దుకాణం. గద్దె మీద తెల్ల బట్ట పరిచి ఉండేది. దాని మీద తానులు దొర్లించి పరిచేవారు. ఆ తాను దొర్లేటప్పుడు వచ్చే దబదబ చప్పుడు ఇప్పటికీ నాకు పండుగ చప్పుడే.

ఆ బజారు ఎట్లా బతికిందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, అదంతా బస్సు కోసం ఎదురుచూసేవాళ్ల మీద బతికింది. 1985లో మండలాలు ఏర్పడ్డప్పుడు మా ఊరు మండల కేంద్రమైంది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు కాగితం పనికో, ఎరువుల బస్తాకో, జ్వరం మందుకో వచ్చి దిగేవారు. పని గంటలో అయిపోయేది. బస్సు మాత్రం గంటలో వచ్చేది కాదు. ఆ మధ్య సమయమే మా బజారు! నీడ కోసం దుకాణం మెట్లెక్కేవారు. బాపు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేవాడు. కూర్చున్న మనిషి ఊరికే ఉంటుందా? “ఆ ఎర్ర చీర ఒకసారి తియ్యరాదుండ్రి, సూస్త” అనేది. చూసిన చీర సంచిలోకి చేరేసరికి బస్సు వచ్చేది.

బాపుకు చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గాని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బట్టను పట్టి ఒక్కసారి నలిపితే చాలు, ఇది ఇన్ని ఉతుకులకు ఆగుతుంది, ఇది ఆగదు అని చెప్పేవాడు. మిల్లు బట్టల్లో వరంగల్ ఆజంజాహీ మిల్లు ముద్ర అంటే ఆయనకు గొప్ప గురి. నిజాం కాలంలో, 1934లో పెట్టిన ఆ మిల్లు మూతబడ్డనాడు బాపు సొంత మనిషి పోయినట్టు కూర్చున్నాడు. పెళ్లిళ్ల కాలంలో వరంగల్ కొత్తవాడ జంపఖానాలు తెప్పించేవాడు. ఒడిబియ్యానికి రైకముక్కలు ఒక పెట్టెనిండా విడిగా ఉండేవి. బతుకమ్మ పండుగ ముందు పదిహేను రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదంటే నమ్మండి. అమ్మ కూడా దుకాణంలోనే ఉండేది. మేం అటుకులు నములుకుంటూ తానుల మధ్య నిద్రపోయేవాళ్లం.

ఇక ఉద్దెర ఖాతా. ఎర్రబట్ట అట్టతో పొడుగాటి పుస్తకం. పత్తి అమ్మినప్పుడో, వరి కోతలు అయినప్పుడో ఇచ్చేట్టు మాట. ఒకసారి, నేను పదో తరగతిలో ఉన్నప్పుడనుకుంటాను, ఆ పుస్తకంలో మొండి బాకీలన్నీ కూడి బాపు ముందు పెట్టాను. మహా తెలివి చూపించాననుకున్నాను. బాపు నవ్వి, “బాకీ ఉన్నోడు మల్ల వస్తడు బిడ్డా. మొత్తం తీర్చినోడు ఎందుకొస్తడు?” అన్నాడు. అది వ్యాపారం తెలియని మనిషి మాట అని అప్పుడనుకున్నాను.

మా ఊరికి రైల్వే స్టేషన్ కూడా ఉందండోయ్. హసన్‌పర్తి రోడ్డు స్టేషన్. రైలువాళ్లు స్టేషన్ పేరు చివర ‘రోడ్డు’ అని తగిలించారంటే, ఊరు ఇక్కడ లేదు నాయనా, రోడ్డు పట్టుకుని పో అని అర్థమట. కాజీపేట – బల్లార్షా లైను 1929లో పూర్తయ్యాకే మద్రాసు నుంచి ఢిల్లీకి సూటిగా దారి పడింది. అంటే దేశంలోకెల్లా పెద్ద దారుల్లో ఒకటి మా ఊరి పక్క నుంచే పోతోందన్నమాట. పోవడమే గాని, ఆ పెద్ద బండ్లు మా దగ్గర ఆగుతాయా? రాత్రుళ్లు మేడ మీద పడుకుంటే వాటి కూత మాత్రం వినపడేది. బి.ఏ.లో చరిత్ర చదువుతున్నప్పుడు, పక్క నుంచి పోయే దారి వేరు, ఆగే దారి వేరు అని మాస్టారు చెప్తే నాకు వెంటనే అర్థమైంది ఆ కూత వల్లనే.

తర్వాత తర్వాత మా ఊరికి అదృష్టం పట్టిందన్నారు. ఎర్రగట్టు గుట్ట దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ 1980లోనే వచ్చింది. ఆపైన అనంతసాగరంలో ఇంకొకటి వచ్చింది. అదిప్పుడు విశ్వవిద్యాలయమే అయింది. ఇంతమంది పిల్లలు వస్తే బజారు వెలిగిపోతుందని అందరూ గంపెడాశ పెట్టుకున్నారు. జిరాక్సు మిషన్లు వచ్చాయి, ఎస్టీడీ బూతులు వచ్చాయి, ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. వచ్చినంత వేగంగానూ పోయాయి. బాపు కూడా ఆశపడి ఒక అరనిండా జీన్సు పాంట్లు తెచ్చి పెట్టాడు. ఆ పిల్లలు హనుమకొండ పోయి కొనుక్కునేవారు. చివరకు ఆ పాంట్లు మా తమ్ముడు తొడిగాడు, వాడి స్నేహితులు తొడిగారు. ఇంకా రెండు మిగిలితే మావారికి దసరాకు పెట్టారు. మావారు వాటిని ఇప్పటికీ తొడగలేదు.

బోర్డు కథ ఇంకా బాగుంటుంది. మొదట దుకాణం పేరు కింద ‘వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని ఉండేది. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది, బాపు సంబరంగా మార్పించాడు. 2016లో జిల్లాలు విడిపోతే మాది వరంగల్ అర్బన్ అయింది. మళ్లీ రంగు. 2021లో అదే హనుమకొండ జిల్లా అయింది. అంతలో ఊరు గ్రేటర్ వరంగల్ నగరంలో కలిసిపోయింది. పెయింటర్‌కు మాత్రం మా దుకాణం మంచి గిరాకి ఇచ్చిందని తమ్ముడు నవ్వుతాడు.

నగరంలో కలవడం అంటే ఏమిటో మాకు ఆలస్యంగా తెలిసింది. రోడ్డు బాగుపడింది. ఆటోలు వచ్చాయి, ఇంటింటికీ మోటారు సైకిలు వచ్చింది. ఎదురుచూడటం పోయింది. బస్సు కోసం గంట కూర్చునే ఖర్మ ఎవరికీ లేకుండా పోవడం మంచిదే, కాదనను. కానీ ఆ గంట మీదే కదా మా బజారు బతికింది! ఇరవై నిమిషాల్లో హనుమకొండ చేరేవాడు మా మెట్లెందుకు ఎక్కుతాడు? 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు నెల రోజులు గల్లాపెట్టె ఖాళీ. మరుసటి ఏడు జూలైలో జీఎస్టీ వచ్చి, ఏడో తరగతి చదివిన బాపును కంప్యూటర్ మనిషి చుట్టూ తిప్పింది. 2020లో కరోనా తలుపులు మూయించింది. ఆ తలుపుల వెనక జనం ఫోన్లో చీరలు కొనడం నేర్చుకున్నారు. మళ్లీ తలుపులు తెరిచాము గాని, నేర్చుకున్నది ఎవరు మర్చిపోతారు?

ఇంతదాకా రోడ్డుదీ, నోట్లదీ, ఫోనుదీ తప్పంటూ చెప్పుకొచ్చాను. ఇక నా సంగతి చెప్పాలి. ఇది చెప్పడం కష్టంగానే ఉంది.

2014లో మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్ చేశాం. హనుమకొండలో మా కాపురం. కొత్తగా తెరిచిన ఒక పెద్ద బట్టల మాల్‌లో లంగా ఓణీ కొన్నాను. చల్లటి గాలి, అద్దాలు, లిఫ్టు. అమ్మాయి ముచ్చటపడింది, నేనూ ముచ్చటపడ్డాను. అక్కడి నుంచి నేరుగా పిలుపులకని హసన్‌పర్తి వెళ్లాం. కారు దిగేటప్పుడు ఆ సంచి సీటు కింద పెట్టమని నేను అమ్మాయితో చెప్పాలనుకున్నాను. చెప్పేలోపే అది తాతకు చూపించాలని సంచితో సహా దుకాణంలోకి పరుగెత్తింది.

బాపు గద్దె మీద ఉన్నాడు. గిరాకి లేదు. సంచి మీద బంగారు రంగు అక్షరాలు చూశాడు. ఓణీ తీసి అలవాటుగా రెండు వేళ్ల మధ్య పట్టి నలిపాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

“మంచిగున్నది బిడ్డా. నీ రంగుకు మస్తుగ అమరుతది” అన్నాడు మనవరాలితో. తర్వాత నా వైపు చూసి, “ఎంతవడ్డదమ్మా?” అన్నాడు.

నేను అసలు ధరలో సగం చెప్పాను. బాపు తల ఊపాడు. ఆయన వేళ్లకు ధర తెలియకుండా ఉంటుందా? ఏమీ అనలేదు. పైనుంచి ఒక పట్టు రైకముక్క దింపి, “దీనికిది మ్యాచింగు” అని అదే సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆ రోజు ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

బాపు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఈ సంతకం.

“పది రోజులు ఆగు తమ్మీ, విశాఖపట్నం పోయి వస్తా” అన్నాను. మా అమ్మాయి అక్కడే ఉద్యోగం చేస్తోంది, టిక్కెట్లు ముందే కొని ఉన్నాయి. ఆదివారం నాడు అది నన్ను సముద్రం చూపిస్తానని భీమిలి తీసుకెళ్లింది. విశాఖ నుంచి పాతిక కిలోమీటర్లుంటుందేమో. రుషికొండ, తొట్లకొండ దాటుకుంటూ కుడిచేతి వైపు సముద్రంతో సహా ప్రయాణం. నా నవలల్లో అలల వర్ణనకు నేను మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

భీమునిపట్నం ఒకప్పుడు పెద్ద రేవు. పదిహేడో శతాబ్దంలోనే డచ్చివారు వచ్చి దిగారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి ముందు నిలబడితే నాకొక వింత ఆలోచన వచ్చింది. ఆ కాలంలో డచ్చివారు మన తూర్పు తీరానికి వచ్చింది ముఖ్యంగా బట్టల కోసమే కదా! అంటే వీళ్లూ బట్టల వ్యాపారులే. వీళ్లూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూసే ఉంటారు. 1825లో వాళ్లు వెళ్లిపోయాక ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1861 నాటికే ఇక్కడ మునిసిపాలిటీ పెట్టారంటే ఊరి వైభవం ఊహించుకోండి. దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఇదొకటి. ఓడలు లోతు నీళ్లలో ఆగితే సరుకును పడవల మీద చేరవేసేవారు.

1890లలో రైలు వచ్చింది. వాల్తేరు మీదుగా లోపలి దారిలో విజయనగరం వైపు పోయిందేగాని భీమిలికి రాలేదు. 1933లో విశాఖపట్నంలో ఓడరేవు తెరిచారు. అక్కడ ఓడ గట్టుకే వచ్చి ఆగుతుంటే ఇక్కడ పడవల్లో ఎవరు మోయిస్తారు? సముద్రం ఉన్నచోటే ఉంది, దీపస్తంభం ఉన్నచోటే ఉంది. ఆగే ఓడలు లేవు. మా హసన్‌పర్తి రోడ్డు స్టేషన్ రైలు కూత గుర్తొచ్చింది. ఎక్కడి చెరువు, ఎక్కడి సముద్రం! ఇప్పుడు భీమిలి కూడా మా ఊరిలాగే మహానగరంలో ఒక భాగం.

తీరం వెంట జనం కిటకిటలాడుతున్నారు. ఫోటోలు, మొక్కజొన్న పొత్తులు, చేపల వేపుళ్లు. అమ్మాయిని లాక్కుని పాత బజారు వైపు నడిచాను. రెండు మలుపులు తిరిగేసరికి ఆ సందడంతా ఎవరో గొంతు పట్టి ఆపినట్టు ఆగిపోయింది. పెంకుటిళ్లు, ఎత్తరుగులు, సగం మూసిన తలుపులు. ఒక చిన్న గాజుల కొట్టులో డెబ్బై ఏళ్లు దాటిన ఒకావిడ కూర్చుని ఉంది.

“ఇంతమంది జనం వస్తున్నారు కదా, బజారుకు రారా అమ్మా?” అని అడిగాను.

“ఏటి కొంటారమ్మా? సముద్రం సూసి ఎలిపోతారు. సముద్రం కొనక్కర్నేదు కదా” అందావిడ.

“మరి కొట్టు ఎట్లా నడుస్తుంది?”

ఆవిడ నా చెయ్యి చొరవగా తీసుకుని, ఎముకలు ఒకసారి నొక్కి చూసి, సరిపడే గాజులు ఏరుతూ చెప్పింది. “పెళ్లిళ్లకీ, సీమంతాలకీ వొత్తారు. ఫోన్లో గాజులు కొనుక్కోవొచ్చు గానీ, ఫోను గాజులు తొడగనేదు కదమ్మా.”

నొప్పి తెలియకుండా డజను గాజులు ఎక్కించింది. ఏళ్ల తరబడి మడిచి వేసుకునే లోహపు గాజులకు అలవాటు పడ్డ నా చేతులకు ఆ మెత్తని పట్టు కొత్తగా అనిపించింది. తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి సముద్రం చూడమ్మా, సముద్రం చూడు అంటూనే ఉంది. నేను గాజులే చూసుకుంటున్నాను. నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది మరి.

ఆ గొప్ప ఆలోచనతో హసన్‌పర్తిలో దిగాను. సంతకానికి ముందు ఒక పూట దుకాణంలో కూర్చుంటానన్నాను. తమ్ముడు విడ్డూరంగా చూసి గద్దె ఖాళీ చేశాడు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. చీర కొన్నవాళ్లు, ఎవరూ లేరు. ధోవతి ఒకటి. మిగతా వచ్చినవాళ్లందరూ ఏమడిగారో చూడండి: చీర ఫాల్, లైనింగు గుడ్డ, లంగా నాడా, ఒక ప్రత్యేకమైన వంకాయ రంగు రైకముక్క. ఆ వంకాయ రంగు కోసం వచ్చిన అమ్మాయి ఫోన్లో కొన్న చీరను కవరుతో సహా పట్టుకొచ్చింది. పది ముక్కలు దింపించి, వెలుతురులోకి తీసుకెళ్లి, చీర పక్కన పెట్టి పెట్టి చూసింది. అరగంట కూర్చుంది. అంటే ఆగింది!

“తమ్మీ! చీర ఫోన్లో కొంటారు గాని, మ్యాచింగు ఫోన్లో కుదరదు. రంగు కళ్లతో చూడాలి. ఫాల్ ఎవరో ఒకరు కుట్టాలి. మనం చీరలు మానేసి మ్యాచింగు సెంటరు పెడితే?” అన్నాను, భీమిలి నుంచి తెచ్చిన గాజులు గలగలలాడిస్తూ.

తమ్ముడు నన్ను చూడలేదు. వెనక మిషను మీద ఫాల్ కుడుతున్న మా మరదలి వైపు చూశాడు. ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, “రెండేండ్ల సంది నేను గదే మొత్తుకుంటున్న వదినే. మగ్గం వర్కు గూడ నేర్చుకుంటనన్న. ఎవలు ఇన్నరు?” అంది.

నేను గాజులు చప్పుడు చేయడం మానేశాను. ఇంటి ఆడపిల్లగా బాపు దుకాణం గురించి కన్నీళ్లు పెట్టుకోవడానికి నాకు తీరిక ఉంది. రోజూ ఆ దుకాణంలో కూర్చునే కోడలు ఏమంటోందో వినడానికి మాకెవరికీ తీరిక లేకపోయింది. మూడు వందల మైళ్లు పోయి సముద్రాన్ని అడిగి తెలుసుకున్నది మిషను పక్కనే ఉంది.

“ఫాల్ మీద ఏం మిగుల్తదక్కా? పిల్లల ఫీజులు వెళ్తయా?” అన్నాడు తమ్ముడు. అదీ నిజమే. గజం లైనింగు అమ్మి కాలేజీ ఫీజు కట్టలేమని మావారు చెప్పకుండానే నాకు తెలుసు. చివరకు సాయంత్రం చాయ్ తాగుతూ తేలిందేమంటే, మడిగెను నడుమ గోడ పెట్టి విడదీయాలి. రోడ్డు వైపు పెద్ద భాగం సెల్‌ఫోన్ దుకాణానికి. పక్క సందు వైపు ఆరడుగులు మా మరదలి మ్యాచింగుకూ, మిషనుకూ. ఆ ఆరడుగుల మీద బోర్డు ఆమె ఇష్టం. కిరాయి డబ్బు వస్తుంటే ఏడాదిపాటు ఆ పిల్ల ధైర్యంగా ప్రయత్నించి చూడవచ్చు. నడుస్తుందో లేదో నాకు తెలియదు. నవల అయితే చివరి అధ్యాయంలో కస్టమర్లు బారులు తీరేవారు. ఇది మా బజారు, ఎంతమంది ఆగితే అంతే.

కిరాయి కాగితం మీద సంతకం పెట్టాను. ఫోను దెబ్బకు మూతబడ్డ గద్దె మీద రేపు ఫోనులే కూర్చుంటాయి. బాపు ఉంటే నవ్వేవాడో, ఏమనేవాడో. పనస చెక్క గజంబద్ద ఒకటి, ఆ ఎర్ర అట్ట పుస్తకం ఒకటి నాకు ఇవ్వమని అడుగుదామనుకుని, నోటిదాకా వచ్చి మింగేశాను. గజంబద్దతో మరదలికి పని ఉంది.

లేవబోతుంటే గుర్తొచ్చి, సంచిలోంచి ఒక చీర తీశాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, అదీ ఫోన్లో కొన్నదే. మరదలు దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి నలిపింది! ఎవరు నేర్పారో, చూసి నేర్చుకుందో. “రెండు ఉతుకులకు రంగు దిగుతది వదినే, విడిగ ఉతుక్కో” అని, సరైన రంగు ఫాల్ తీసి, అక్కడికక్కడే మిషను మీద పెట్టింది.

“ఎంత?” అన్నాను పర్సు తెరుస్తూ.

“నీ దగ్గర పైసలు తీసుకుంటమా?” అంది.

“వద్దంటే వద్దు. ఉద్దెర రాయి” అన్నాను.

ఆమె నవ్వి, ఎర్ర అట్ట పుస్తకంలో ఖాళీ పేజీ వెతికి, పైన తారీఖు వేసి రాసింది: ‘వదినె. ఫాల్ ఒకటి. కుట్టుకూలి. నూరు రూపాయలు.’

ఇంటికొచ్చాక మావారు ఆ సంగతి విని నిర్ఘాంతపోయారు. “నూరు రూపాయలకు ఉద్దెరా? పది కిలోమీటర్లు మళ్లీ వెళ్లి కట్టి రావాలా? పెట్రోలు ఖర్చు లెక్క వేశావా?” అన్నారు.

వేయలేదు. వచ్చే ఆదివారం యాభై కట్టి, ఒక రైకముక్క రాయించుకుని వద్దామనుకుంటున్నాను.